ఏ లక్ష్మి?

పిల్లలూ! ఈ నెల మీకు ముందుగా ఒక ఉద్యోగం ఇస్తాను. జీతం లేదు గాని, గౌరవం మాత్రం బోలెడు ఉంది.

మీ బడిలో ఒక చిన్న గ్రంథాలయం ఉందనుకోండి. నాలుగు బీరువాలు, మూడు వందల పుస్తకాలు. హెడ్మాస్టరుగారు మిమ్మల్ని పిలిచి, బీరువా తాళంచెవులు చేతికిచ్చి, "ఇవాళ్టి నుంచి ఎవరు ఏ పుస్తకం పట్టుకుపోయారో రాసిపెట్టడం నీ పని," అన్నారు. మీరు పొంగిపోయి, కొత్త నోటుబుక్కు ఒకటి తెచ్చి, స్కేలు పెట్టి గళ్లు గీశారు. తేదీ, పేరు, తరగతి, ఇంటి చిరునామా, పుస్తకం పేరు, అది ఉండే బీరువా – మొత్తం ఆరు గళ్లు. ఎవరైనా పుస్తకం తీసుకుపోతే పెన్సిలుతో ఒక వరుస రాస్తారు. తిరిగి తెచ్చి ఇస్తే రబ్బరుతో చెరిపేస్తారు. ఇంతకన్న తేలికపని ఇంకొకటి ఉంటుందా?

ఉండదనే అనుకుంటాం. కాని నెల తిరిగేసరికి ఏమవుతుందో చూడండి.

రాజు దగ్గర మూడు పుస్తకాలున్నాయి. అందుచేత వాడి చిరునామా మూడు వరుసల్లో ఉంది. ఇంతలో వాళ్లు ఇల్లు మారారు. మీరు రెండు చోట్ల దిద్ది, మూడోది మరిచిపోయారు. ఇప్పుడు మీ నోటుబుక్కు ప్రకారం రాజు ఒకేసారి రెండు ఇళ్లలో కాపురం ఉంటున్నాడు! అందులో ఏది నిజమో రేపు చూసేవాడికి ఎలా తెలుస్తుంది? ఇది మొదటి చిక్కు.

కొత్త పుస్తకాలు పది వచ్చాయి. ఏది ఏ బీరువాలో పెట్టారో రాసుకోవాలి. ఎక్కడ రాస్తారు? ఎవరైనా పుస్తకం తీసుకుపోతేనే గదా మీ నోటుబుక్కులో వరుస పుట్టేది! ఇది రెండో చిక్కు.

సీత ఒక్కటే పుస్తకం తీసుకుంది, చదివి తిరిగి ఇచ్చింది. మీరు ఆ వరుస చెరిపేశారు. దానితోబాటు సీత చిరునామా కూడా పోయింది. ఆ పుస్తకం ఏ బీరువాలోదో, ఆ సంగతీ పోయింది. ఇది మూడో చిక్కు.

ఇక నాలుగోది అన్నిటికన్న పెద్దది. ఒక పుస్తకం గడువు దాటినా తిరిగి రాలేదు. నోటుబుక్కు తీసి చూస్తే, "లక్ష్మి, ఏడో తరగతి" అని ఉంది. హెడ్మాస్టరుగారు లక్ష్మిని పిలిపించారు. "నేను తీసుకోలేదండీ," అంటూ ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "పుస్తకంలో రాసి ఉంటే లేదంటావేం?" అన్నారందరూ. నోటిమాట కన్న రాతకు బలం ఎక్కువ గదా! సాయంత్రానికి గాని ఎవరికీ తట్టలేదు, ఏడో తరగతిలో లక్ష్ములు ఇద్దరున్నారని.

మీరు అబద్ధం రాయలేదు, బద్ధకించనూ లేదు. ఉన్న సంగతులే రాశారు. దోషమల్లా వాటిని అమర్చిన తీరులో ఉంది.

మూడు వందల పుస్తకాల దగ్గరే ఇన్ని తంటాలుంటే, కోట్ల మంది సొమ్ము రాసిపెట్టే బ్యాంకుల సంగతేమిటి? ఆస్పత్రిలో ఒక లక్ష్మి రక్తపు గ్రూపు ఇంకో లక్ష్మి చీటీలోకి ఎక్కితే ఏమవుతుంది? అక్కడ కళ్లనీళ్లతో పోయే పని కాదు.

ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్లు చదివే అక్కో అన్నో మీ ఇంట్లో ఉంటే అడిగి చూడండి. వాళ్లకు "డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్" అని ఒక పాఠం ఉంటుంది. పేరు చూసి జడుసుకోకండి. డేటాబేస్ అంటే పద్ధతిగా అమర్చిపెట్టిన సంగతుల కొట్టు. ఆ కొట్టును కాపలా కాస్తూ, అడిగినది తీసి ఇస్తూ, తప్పుడు సరుకు లోపలికి రానివ్వని గుమాస్తా లాంటి ప్రోగ్రామే మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఆ పాఠం మొదట్లోనే మీకు వచ్చిన చిక్కులన్నీ వరసగా వస్తాయి. వాటికి విరుగుడు కూడా అక్కడే ఉంది. ఆ విరుగుడు మనమే చేసి చూద్దాం.

ఆ పాత నోటుబుక్కు పక్కన పెట్టి, కొత్తవి మూడు తీసుకోండి.

మొదటి దానిలో విద్యార్థులు మాత్రమే. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇవ్వండి. నంబరు, పేరు, తరగతి, చిరునామా – అంతే. ఒక లక్ష్మి నంబరు 27. రెండో లక్ష్మి నంబరు 72.

రెండో దానిలో పుస్తకాలు మాత్రమే. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు, పేరు, బీరువా. ఒకే పుస్తకం రెండు ప్రతులుంటే రెండింటికీ వేరు వేరు నంబర్లు.

మూడో దానిలో తేదీ, విద్యార్థి నంబరు, పుస్తకం నంబరు మాత్రమే. "జులై 10 – 72 – 114" అని రాస్తే, రెండో లక్ష్మి 114వ పుస్తకం తీసుకుపోయిందన్న మాట. పుస్తకం తిరిగి వస్తే ఈ మూడో దానిలోని వరుస మాత్రమే చెరిపేస్తారు.

ఇప్పుడు చూడండి తమాషా! రాజు ఇల్లు మారితే ఒక్క చోట దిద్దితే చాలు. కొత్త పుస్తకం వస్తే, ఎవరూ తీసుకోకపోయినా, రెండో నోటుబుక్కులో దాని చోటు దానికుంది. సీత పుస్తకం తిరిగి ఇచ్చినా ఆమె చిరునామా ఎక్కడికీ పోదు. ఇద్దరు లక్ష్ముల గొడవ మొదలే లేదు.

ఈ మూడు నోటుబుక్కుల్లాంటి వాటినే డేటాబేస్‌లో పట్టికలు అంటారు. వరుసను ఇంకో వరుసతో పొరబడకుండా గుర్తుపట్టే నంబరును కీ, అనగా తాళంచెవి, అంటారు. ఇది మనకు కొత్తేమీ కాదు. ఒకే ఊళ్లో "చెరువు కింద చేను" అన్నవి పది ఉండవచ్చు. సర్వే నంబరు చెబితే ఏ చేనో తేలిపోతుంది. పదో తరగతి పరీక్షలో ఒకే పేరుగల పిల్లలు వందల మంది కూర్చున్నా, హాల్ టికెట్ నంబరు మాత్రం ఏ ఇద్దరికీ ఒకటి కాదు. పేరు పిలుచుకోవడానికి, నంబరు గుర్తుపట్టడానికి.

ఒక సంగతి ఒక్క చోటే రాయి, మిగిలిన చోట్ల దాని నంబరు వెయ్యి – ఇదే ఆ పాఠానికి ప్రాణం. ఇలా సంగతులను విడదీసి అమర్చడాన్ని నార్మలైజేషన్ అంటారు. గుమాస్తా ప్రోగ్రాము ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటుంది. మీరు మూడో పట్టికలో విద్యార్థి నంబరు 999 అని వేస్తే, మొదటి పట్టికలో వెతికి, "ఆ నంబరు గలవారు ఎవరూ లేరు" అని వెనక్కు కొడుతుంది.

ఇంత సులువైన సంగతి మొదటి నుంచీ అందరికీ తెలుసుననుకుంటున్నారు కాబోలు. తెలియదు! 1960లలో అమెరికావారు చంద్రుడి మీదికి మనుషులను పంపడానికి సాటర్న్ 5 అనే మహా రాకెట్టు కట్టారు. దాని భాగాల జాబితాకు లెక్కాడొక్కా ఉండాలి గదా! అందుకోసం ఐ.బి.ఎం. కంపెనీవారు మరి రెండు కంపెనీలతో కలిసి 1966లో ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. అది చెట్టులాంటిది. రాకెట్టు మొదలు, దాని పెద్ద భాగాలు కొమ్మలు, చిన్న భాగాలు రెమ్మలు. "ఈ భాగంలో ఏమేమి మరలున్నాయి?" అని అడిగితే కొమ్మ పట్టుకుని దిగి చెప్పేయవచ్చు. "ఈ ఒక్క మర ఏయే భాగాల్లో ఉంది?" అని తిరగేసి అడిగితే మాత్రం చెట్టంతా గాలించవలసి వచ్చేది. పైగా ఏ దారిన వెళ్లాలో ప్రోగ్రాము రాసేవాడికే తెలిసి ఉండాలి.

ఆ కంపెనీలోనే ఎడ్గర్ కాడ్ అనే గణితవేత్త ఉండేవాడు. 1923లో ఇంగ్లండులో పుట్టాడు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపాడు. యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి ఐ.బి.ఎం.లో చేరాడు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పని చేస్తూ 1970లో ఒక వ్యాసం అచ్చు వేయించాడు. మీరు పై తరగతుల్లో సమితులు అనే లెక్కలు చదువుతారు. ఆ లెక్కల ఆధారంతోనే, "చెట్లూ దారులూ వద్దు, అన్నిటినీ పట్టికలుగా అమర్చండి, నంబర్లతో కలపండి" అన్నాడాయన.

వెంటనే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పట్టికలు వెతికి కలపాలంటే యంత్రం చాలా నెమ్మదిస్తుందని చాలామంది సందేహించారు. శాన్ హోసేలోనూ, బర్కిలీ విశ్వవిద్యాలయంలోనూ కొందరు కొన్నేళ్లు శ్రమపడి, నిజంగా పని చేసే పట్టికలు తయారుచేసి చూపించాకనే ఆ సందేహం తీరింది. 1981లో కాడ్‌కు కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికన్న గొప్పదైన ట్యూరింగ్ బహుమానం ఇచ్చారు. ఆయన 2003లో చనిపోయాడు.

పట్టికలున్నాయి, బాగానే ఉంది. వాటిని అడగడమెలా? 1974లో శాన్ హోసేలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు దీనికొక భాష కల్పించారు. ఇప్పుడు దాన్ని ఎస్.క్యు.ఎల్. అంటారు. అందులో ముఖ్యమైన మాటలు మూడు: సెలెక్ట్, ఫ్రమ్, వేర్. అంటే ఏమి కావాలి, ఏ పట్టికలోంచి, ఏ షరతు మీద. మీకు ఏమి కావాలో చెబితే చాలు. ఏ దారిన వెతకాలో యంత్రమే చూసుకుంటుంది. అమ్మతో "ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అంటారు గాని, బియ్యం డబ్బా ఏ అరలో ఉందో చెప్పరు గదా! అలాంటిదే ఇది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మీ నాన్నగారు ఊళ్లో ఉన్న మామ్మకు ఫోనులో అయిదు వందల రూపాయలు పంపారనుకోండి. నాన్నగారి ఖాతాలో తగ్గాలి, మామ్మ ఖాతాలో పెరగాలి. ఇక్కడ తగ్గింది, అక్కడ పెరిగేలోపల బ్యాంకు యంత్రానికి కరెంటు పోయింది! ఆ డబ్బు ఏమైనట్టు?

మన పాతకాలపు షావుకార్లను చూడండి. ఏ బేరమైనా జరగగానే ముందు చిట్టాలో రాసేవారు. ఆ తరువాతనే తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారి పద్దు ఎక్కించేవారు. మధ్యలో ఎవరైనా పిలిచి లేచిపోయినా, తిరిగి వచ్చి చిట్టా చూస్తే ఎక్కడ ఆగారో తెలిసేది. డేటాబేస్ కూడా అచ్చం ఇంతే చేస్తుంది. చేయబోయే పని ముందు తన చిట్టాలో భద్రంగా రాసుకుంటుంది. కరెంటు తిరిగి రాగానే ఆ చిట్టా చదువుకుంటుంది. సగంలో ఆగిన పని కనబడితే చేసిన సగమూ రద్దు చేసి, నాన్నగారి అయిదు వందలూ నాన్నగారికి ఇచ్చేస్తుంది. అయితే రెండు పనులూ కావాలి, లేకపోతే ఒక్కటీ కాకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. ఈ విషయంలో ఎంతో కృషి చేసిన జిమ్ గ్రే అనే ఆయనకు 1998లో ట్యూరింగ్ బహుమానం వచ్చింది.

చూశారా, ఆ గుమాస్తా ఎంత జాగ్రత్త గలవాడో! ఒకటి మాత్రం వాడి వల్ల కాదు. పుస్తకం తీసుకున్నది 72వ నంబరు లక్ష్మి అయితే, మీరు తొందరలో 27 అని వేశారనుకోండి. 27 అనే నంబరు ఉంది గదా, గుమాస్తా మారుమాట లేకుండా రాసుకుంటాడు. లేని నంబరును వాడు పట్టుకోగలడు గాని, ఉన్న నంబరును తప్పుగా వేస్తే పట్టుకోలేడు. నిజం రాయవలసినది మీరే. అందుకని, "నేను తీసుకోలేదండీ" అని ఎవరైనా అంటే, పుస్తకంలో ఉంది గదా అని కసరకండి. ఒక్కసారి రాతను కూడా అనుమానించి చూడండి.

ఇక ఈ నెల మీకు పని. మన మూడు నోటుబుక్కులూ నిజంగానే తయారుచేసి, మీ ఇంట్లో పుస్తకాలకు గాని, స్నేహితులకిచ్చే బొమ్మలకు గాని వాడి చూడండి. తరువాత ఈ ప్రశ్న ఆలోచించండి: కొందరు విద్యార్థుల ఇంట్లో ఒక్క ఫోనే ఉంది. కొందరి ఇంట్లో రెండు, ఒకరింట్లో అయితే నాలుగు. ఈ ఫోను నంబర్లన్నీ ఏ నోటుబుక్కులో రాస్తారు? మొదటి దానిలో నాలుగు గళ్లు అదనంగా గీస్తారా, లేక నాలుగో నోటుబుక్కు కొంటారా? అలా ఎందుకు చేస్తారో కూడా చెప్పాలి సుమా!

నా జవాబు వచ్చే నెల చెబుతాను. అంతలోగా మీ జవాబును అక్కకో, నాన్నగారికో చూపించి, వాళ్లు ఒప్పుకుంటారేమో చూడండి.