గాజుతొట్టిలో పెనుచేపల పొత్తు

భాగవతము అష్టమస్కంధములోని సత్యవ్రతుని కథ మనలో చాలమంది యెరిగినదే. ఆ రాజు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిటినీటిలో ఒక చిన్న చేప వచ్చి పడెను. దానిని మరల ఏటిలో విడువబోవగా, తమ జ్ఞాతులనే చంపు జలచరములున్న నీటిలో తన్ను విడువవలదని అది వేడుకొనెను. రాజు జాలిగొని దానిని కమండలువులో నుంచెను. తెల్లవారునప్పటికి కమండలువు చాలదాయెను. పిదప కడవ చాలదాయెను, మడుగు చాలదాయెను, సరస్సు చాలదాయెను, తుదకు సముద్రమే దిక్కాయెను. అది భగవల్లీల. అయినను ఇంట చేపలను పెంచువారికి అందులో రెండు లౌకికసత్యములు కనబడుచున్నవి. చేప పెరుగును గాని పాత్ర పెరుగదు. చేపకు తన వంటి చేప యొద్దనే భయము. ఈ రెంటిని మరచి పెద్దజాతి చేపలను ఒకే గాజుతొట్టిలో చేర్చుటవలన కలుగు కష్టములను గూర్చియు, వానిని తప్పించుకొను మార్గములను గూర్చియు ఈ మాసము ముచ్చటింతును.

మన పట్టణములలో అలంకారపు చేపలమ్ము అంగళ్లకు పోయినప్పుడు పిల్లల చూపు ముందుగా పడునవి ఆస్కారు, ఫ్లవర్‌హార్న్, జాక్ డెంప్సీ, గ్రీన్ టెర్రర్ అను పేర్లుగల చేపలు. ఇవన్నియు సిక్లిడులనబడు ఒకే పెద్ద కుటుంబమునకు చెందినవి. ఈ కుటుంబములో శాస్త్రజ్ఞులు పేరిడిన జాతులు 1,700 కు పైగా కలవు. ఆస్కారు అమెజాన్ నదీప్రాంతమునది. జాక్ డెంప్సీ మెక్సికో మొదలు హోండురాసు వరకు గల నీళ్లలోనిది. 1919 మొదలు 1926 వరకు ముష్టియుద్ధములో జగజ్జెట్టియై యుండినవాని పేరే దీనికి పెట్టిరన్నచో దీని స్వభావమును వేరుగ వర్ణింపనక్కరలేదు. ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోను పుట్టినది కాదు. 1990 తరువాతి దశాబ్దములో మలేషియాలో వేర్వేరు జాతులను సంకరము చేసి పుట్టించినది. దాని నుదుటి బొడిపె ఐశ్వర్యసూచకమని నమ్మి కొనువారు కలరు. సిక్లిడులు మన దేశమునకు కేవలము పరాయివి కావు. కేరళీయులు ప్రీతితో వండుకొను కరిమీనును ఈ కుటుంబములోనిదే.

అంగడిలో నున్నప్పుడు ఇవి రెండంగుళముల పసికూనలు. పది పిల్లలు ఒక్క తొట్టిలో కలసిమెలసి ఆడుచుండును. ఆ పొత్తు పసితనపు పొత్తు. ఆస్కారు మొదటి సంవత్సరములో నెలకు రమారమి ఒక అంగుళము చొప్పున పెరిగి, అడుగు పొడవునకు వచ్చును. చక్కగ పెంచినచో పది సంవత్సరములకు పైగా బ్రదుకును. కాబట్టి కొనునప్పుడు చూడవలసినది సీసాలోని పిల్లను కాదు, ఏడాది పిమ్మట అది కాబోవు చేపను.

ఇక వీని పోరును గూర్చి. పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను మన నీతిశాస్త్రములు మత్స్యన్యాయమనినవి. నోట పట్టునంత చిన్నచేపను వేసినచో సిక్లిడులును అట్లే చేయును. కాని సమానమైన పెద్దచేపల మధ్య కలుగు కలహము ఆకలివలన వచ్చినది కాదు, చోటు కొరకు వచ్చినది. అందుచేతనే కడుపునిండ మేత వేసినను అది చల్లారదు. సిక్లిడులు సంతానమును మిక్కిలి ప్రేమతో కాచుకొనునవి. చాలజాతులలో తల్లిదండ్రులిరువురును గ్రుడ్లకు రెక్కలతో నీరు విసరుచు, పిల్లలను వెంటబెట్టుకొని తిప్పుచు కావలి కాయుదురు. ఆ కావలికి ఒక హద్దు కావలయును. ఆ హద్దులోనికి వచ్చినవారిని తరుముట వాని పుట్టుగుణము. ఏటిలోనైనచో ఓడినది నాలుగు బారలు ఈది తప్పించుకొనును, గెలిచినది తిరిగి తన చోటికి పోవును, కథ ముగియును. గాజుతొట్టిలో ఓడినదానికి పోవుటకు చోటేది? గెలిచినది కన్నెత్తినప్పుడెల్ల పగవాడు ఎదుటనే యుండును. అందుచేత ఏటిలో గడియలో తీరు తగవు తొట్టిలో ప్రాణము తీయువరకు సాగును. దోషము చేపది కాదు, ఇరుకుది.

కావున మొదటి మందు విశాలమైన తొట్టి. ఒంటి ఆస్కారునకైనను నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల తొట్టి కావలయును. దానిలో రమారమి 255 లీటర్ల నీరు పట్టును. నాలుగైదు పెద్దచేపలను చేర్చదలచినచో ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, లోతు గల తొట్టికి తక్కువైనది పనికిరాదు. దానిలో 680 లీటర్ల నీరు పట్టును. అనగా నీటి బరువే 680 కిలోలు. గాజు, రాళ్లు, పీట బరువు వేరు. మేడమీది గదిలో పెట్టదలచినవారు ముందుగా ఇల్లు కట్టించిన మేస్త్రీని గాని, ఇంజనీరును గాని అడుగుట మేలు. తొట్టి లోతుకంటె పొడవు వెడల్పులు ముఖ్యము. ఈ చేపలు పంచుకొనునది నేలను.

రెండవది సంఖ్య. పోరాడు చేపలను రెంటినే యుంచినచో నిమ్మళముగ నుండునని తోచును. అది పొరపాటు. రెండే యున్నప్పుడు బలమైనదాని కోపమంతయు రెండవదానిమీదనే పడును. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కోన్‌రాడ్ లోరెంజ్, 1973 లో నోబెలు బహుమానము పొందినవాడు, 1963 లో ప్రకటించిన తన గ్రంథములో సిక్లిడుల దాంపత్యమును గూర్చి వ్రాసినాడు. ఇరుగుపొరుగు లేకుండ ఒంటిగ నుంచిన జంటలో మగచేప తుదకు ఆడుచేపమీదనే తిరుగబడునట. గాజుపలక కావల మరియొక జంట కనబడుచున్నచో కోపము అటు మరలి, ఇల్లు నెమ్మదిగ నుండునట. బయట చూపలేని కోపము ఇంటిలో దగ్గరనున్నవారిమీద పడుట చేపలకే చెల్లినది కాదని మన చదువరులకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి చోటు చాలినంత యున్నచో నాలుగైదింటిని చేర్చుటయే మేలు. చోటు లేనిచో ఒక్కదానినే యుంచుట మేలు. ఫ్లవర్‌హార్న్ ఒంటిగ నుండుటయే దానికిని మనకును సుఖము.

మూడవది ఎన్నిక. ఇంచుమించు ఒకే ప్రమాణముగల చేపలను, రూపములోను రంగులోను వేరువేరుగ నున్నవానిని ఏరవలయును. తన పోలిక గలదానినే చేప ముందుగా ప్రతిపక్షిగ చూచును. చేపలన్నిటిని పిల్లలుగ నున్నప్పుడే ఒక్కసారి వేసిన యెడల ఇది నా ఇల్లను హక్కు ఏ ఒక్కదానికిని కలుగదు. ముందే స్థిరపడినవాని మధ్యకు క్రొత్తదానిని తేవలసివచ్చినచో, ఆ పూట రాళ్లను, కుండలను, దుంగలను తీసి వేరువిధముగ అమర్చవలయును. పాత హద్దులు చెరగిపోయి అందరును క్రొత్తవారే యగుదురు. దీపము ఆర్పి చీకటిలో వదలుట మరింత మంచిది. ప్రతిచేపకును ఒక మరుగు, ఆ మరుగునకు రెండు దారులును ఉండవలయును. ఒక్కదారి గల కుండలో దూరిన చేప చిక్కుపడినట్లే.

ఇంత చేసినను ఒకనాడు ఒక జంట కలసి గ్రుడ్లు పెట్టినదనుకొనుడు. ఆనాటినుండి తొట్టియంతయు వాని సొత్తు. జానెడైనను లేని కాన్విక్ట్ అను చారలచేపల జంట తమకు రెండింతలున్న చేపలను మూలకు తరుమగలదు. ఇందుకై తొట్టికి సరిపడు రంధ్రముల అడ్డుపలకను, ఒక చిన్న విడితొట్టిని ముందే సిద్ధపరచుకొనవలయును. ఈ ఖర్చు భరింపలేనివారు పెద్దచేపల పొత్తు తలపెట్టరాదు.

ఆపదను తెలుపు గురుతులు ఇవి. రెక్కలు చిరిగియుండుట, పొలుసులు రాలుట, ఒక మూల నీటి పైభాగమున కదలక నిలుచుట, రెక్కలు ముడుచుకొనుట, మేతకు రాకుండుట. చెక్కిళ్లు విప్పి, ప్రక్కకు తిరిగి ఒకదానికొకటి బెదరించుకొనుట సాధారణము, దానికి భయపడవలదు. నోరు నోరు పట్టుకొని పెనగులాడుటయు కొంతవరకు బలము చూచుకొనుటయే. కాని ఓడినది పారిపోయిన పిదపను గెలిచినది విడువక వెంటబడినచో ఆలస్యము చేయక విడదీయవలయును. గెలిచినదానిని కొన్నిదినములు వేరుంచి, తిరిగి అందరికంటె కడపట వేసినచో దాని పొగరు కొంత అణగును. రేపు చూతమనుకొన్న యెడల రేపటికి ఓడిన చేప ఉండకపోవచ్చును. వినోదమునకై ఆ పోరును పిల్లలకు చూపుట తగదు. గాజు కావలనున్న బాధయు బాధయే.

నీటి మాట. పెద్దచేపలు పెద్దగ తినును, పెద్దగ మలినము చేయును. ఆ మలినమునుండి పుట్టు అమోనియా చేపలకు విషము. వడపోతలో పెరుగు మేలుచేయు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప హాని తక్కువగల నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో ఆ జీవులు కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అందుచేత తొట్టి తెచ్చిననాడే చేపలను నింపరాదు. వారమున కొకసారి మూడవవంతు నీటిని తీసి క్రొత్తనీరు పోయవలయును. కుళాయినీటిలోని క్లోరినును పోగొట్టు మందు అంగళ్లలో దొరకును. వడపోత దూదిని కుళాయికింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే జాడించిన యెడల ఆ జీవులు చావవు. చేయి ముంచుటకు ముందు విద్యుత్తును ఆపుట మరువరాదు. ఆస్కారు ఎగిరి దుముకును గనుక మూత గట్టిగ నుండవలయును. మేతకు సిక్లిడుల గుళికలు, అప్పుడప్పుడు రొయ్యలు చాలును. మాంసపుముక్కలు వేయవలదు. ప్రాణముతో చిన్నచేపలను వేయుటవలన రోగములు వచ్చును.

చివరగ ఒక ముఖ్యవిషయము. పొత్తు కుదురనప్పుడు విసిగి చేపను చెరువులోనో కాలువలోనో విడుచుట దయ అని కొందరు తలచుచున్నారు. పనామా దేశపు గాటున్ సరస్సులో 1967 ప్రాంతమున ఒక పెద్ద సిక్లిడు చేరి, అచటి స్థానికపు చేపలలో అనేకములను కనబడకుండ చేసినది. మన దేశమునకు 1952 లో తెచ్చిన తిలాపియా కూడ సిక్లిడే. అది ఎన్ని నీళ్లకు ప్రాకినదో మన చెరువులే చెప్పును. ఒక చేపపై దయ చూపబోయి చెరువునకంతకు అపకారము చేయరాదు. అంగడివానికి తిరిగి ఇచ్చుటయో, పెద్దతొట్టి గలవారికి ఇచ్చుటయో ధర్మము.

సోదరీమణులారా! చేపలను కొనువారు ఒకరు, చూచి ఆనందించువారు ఒకరు, వారము వారము నీరు మోయువారు ఒకరు. ఆ మూడవవారు తరచుగ మనమే. కావున ఇంట ఈ కోరిక పుట్టిననాడే తొట్టి కొలతను, చోటును, విడితొట్టిని, నీరు మార్చు వంతును తీర్మానించుకొని, పిదప అంగడికి పోనిండు. ఆ లెక్కకు చాలనిచో గప్పీలవంటి చిన్నచేపలను తెచ్చుకొనుడు. అవి కన్నులకు తక్కువ పండుగ చేయవు. సత్యవ్రతునకు కడవ చాలనప్పుడు మడుగు, మడుగు చాలనప్పుడు సరస్సు, అదియు చాలనప్పుడు సముద్రము దొరకెను. మన చేపలకు మనము కొన్న తొట్టియే సముద్రము.