పడవని ఒడ్డున పెట్టి పూజిస్తే...

హెమింగ్వే ప్రాణంగా చూసుకున్న చెక్క పడవ 'పిలార్' ఇప్పుడెక్కడుందో తెలుసా? హవానా దగ్గర ఆయన ఇంట్లో, పాత టెన్నిస్ కోర్టు మీద, ఓ కప్పు కింద! 1934లో బ్రూక్లిన్‌లో కట్టించుకున్న 38 అడుగుల బోటు. ఆయన 1961లో పోయారు. ఇల్లు మ్యూజియం అయింది, బోటు అందులో ఓ బొమ్మయింది.

చెక్క పడవని ఎండబెడితే పలకలు కుంచించుకుపోతాయి, అతుకులు విచ్చుకుంటాయి. పైగా ఉప్పునీటికన్నా వాననీటికే చెక్క తొందరగా చివికిపోతుంది.

జిప్సీ మాత్ 4 చూడండి. 1966-67లో ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఒంటరిగా, ఒక్క సిడ్నీలో మాత్రం ఆగి, భూమి చుట్టొచ్చిన పడవ. గ్రీన్విచ్ డ్రై డాక్‌లో ఏళ్ళ తరబడి పాడైంది. చివరికి ఒక్క పౌండుకి (పైన ఓ గ్లాసు జిన్ అట!) చేతులు మారి, 2005లో బాగుపడి, కుర్రాళ్ళని ఎక్కించుకుని మళ్ళీ ప్రపంచం చుట్టొచ్చింది. మధ్యలో పగడపు దిబ్బెక్కి చిల్లు పడింది కూడా. అయినా నా ఓటు దానికే.

పలకలు మారిస్తే అది ఒరిజినలేనా అంటారు. యజమాని ఉన్నప్పుడూ మార్చేవారు కదండీ! మన ప్రొడక్షన్ కోడ్‌లో మొదటి వెర్షన్ లైన్లు ఎన్ని మిగిలాయేంటి?

పిలార్‌కి ఆ అదృష్టం పడుతుందా అంటే అనుమానమే. టూరిస్టులకి ఫోటోలు కావాలి మరి.