ఎక్కినవాళ్ళ లెక్క సరే, మిగిలినవాళ్ళ లెక్కేదీ?

సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య కాలేజీకి వచ్చే విద్యార్థిని ఆపి "బస్సుల సంగతేమిటి?" అని అడగండి. "నిలబడటానికి చోటు లేదు" అంటాడు. మధ్యాహ్నం రెండు గంటలకు అదే రూట్లో తిరిగే డ్రైవరును అడగండి. "సీట్లు ఖాళీ" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ రెండు నిజాలనూ కలిపి కాగితం మీద ఒకే అంకె వేస్తారు. దాని పేరు ఆక్యుపెన్సీ రేషియో. డిపో భాషలో ఓ.ఆర్. ఒక సర్వీసు ఉండాలా, పోవాలా అన్న మాట వచ్చినప్పుడు ముందుగా చూసే అంకెల్లో ఇదొకటి. కాబట్టి దీన్ని గూర్చి మనం కాస్త తెలుసుకోవాలి.

ఓ.ఆర్. కట్టడం పెద్ద కష్టం కాదు. బస్సులోని సీట్లను అది తిరిగిన కిలోమీటర్లతో గుణించాలి. ప్రయాణికులు ఒక్కొక్కరు ఎన్ని కిలోమీటర్లు పోయారో అవన్నీ కూడాలి. రెండోదాన్ని మొదటిదానితో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేదే ఓ.ఆర్.

ఉదాహరణకు 50 సీట్ల బస్సు ఒకటి అనుకుందాం. పొద్దున 80 మందితో పోయింది, మధ్యాహ్నం 20 మందితో తిరిగి వచ్చింది. అందరూ ఈ చివర ఎక్కి ఆ చివర దిగారు. సగటు 50, ఓ.ఆర్. నూటికి నూరు. కాగితం మీద దివ్యంగా ఉంది! ఇప్పుడు ఆ వంద మంది ప్రయాణికులను వరసగా "నీ బస్సులో ఎంతమంది ఉన్నారు?" అని అడగండి. ఎనభై మంది "ఎనభై" అంటారు, ఇరవై మంది "ఇరవై" అంటారు. ఆ జవాబుల సగటు 68. బస్సును అడిగితే 50, మనిషిని అడిగితే 68! మన ఫుట్‌బోర్డు ప్రయాణాలన్నీ ఈ తేడాలోనే వేలాడుతున్నాయి.

ఇలా ఎందుకయిందంటే, ఈ లెక్క పుట్టిందే డబ్బుకు కాపలాగా. 1932లో నిజాం ప్రభుత్వ రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. 1958లో ఏ.పి.ఎస్.ఆర్.టి.సి. ఏర్పడింది. టికెట్ యంత్రాలు వచ్చేదాకా కండక్టరు పంచ్‌తో టికెట్ కొడుతూ, స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు కాగితం మీద రాసుకుంటూ పోయేవాడు. చెకింగ్ వాళ్ళు ఎక్కి తలలు లెక్కపెట్టేదీ టికెట్లతో సరిపోయాయా లేదా అని చూడటానికే. ఇది తప్పని ఎవరూ అనరు. సంస్థ సొమ్ముకు లెక్క ఉండాల్సిందే. కాని సొమ్ముకు పెట్టిన లెక్కనే జనం అవసరానికి కొలబద్దగా వాడితే మాత్రం చిక్కు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకుండా జీరో టికెట్ ఇస్తున్నారు. ప్రభుత్వం సంస్థకు కట్టే సొమ్ముకు ఆ జీరో టికెట్లే ఆధారం. అంటే డబ్బు ఇవ్వని మనిషి కూడా లెక్కలోకి వచ్చింది. ఇది మంచి మార్పు. అందుకని మన అక్కలకూ చెల్లెళ్ళకూ ఒక మాట: "ఎలాగూ ఉచితమే కదా" అని టికెట్ తీసుకోకుండా దిగిపోకండి. ఆ కాగితం ముక్క మీ ఊరి బస్సుకు సాక్ష్యం.

ఇంకా లెక్కకు సరిగా అందనివాళ్ళు మూడు రకాలు. మొదటిది, మన మగపిల్లల బస్సు పాసు. పాసు కొన్నప్పుడు లెక్క ఒకసారి తెలుస్తుంది. కాని కార్డు చూపించి కూర్చుంటే ఆ పాసు ఏ పూట, ఏ బస్సు ఎక్కిందో కార్డు చెప్పదు. రెండోది, ఆటోల్లో పోయేవాళ్ళు. బస్సు తగ్గితే జనం ఆటో ఎక్కుతారు. జనం ఆటో ఎక్కారు గనుక బస్సుకు గిరాకీ లేదంటారు. ముందు ఏది తగ్గిందో అడిగేవాడు లేడు. మూడోది, అందరికంటె ముఖ్యమైనది: చెయ్యెత్తినా బస్సు ఆగక, ఆగినా కాలు పెట్టే చోటు లేక రోడ్డు పక్కన మిగిలిపోయినవాళ్ళు. వీళ్ళకు టికెట్ లేదు, కాబట్టి వీళ్ళు లేరు!

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2004 నుంచి బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు తాకించే పద్ధతి ఉంది. ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో తెలిసిపోతుంది. అయినా బస్సు ఎక్కని మనిషిని ఆ యంత్రం కూడా లెక్కపెట్టలేదు. అది రోడ్డు మీద నిలబడ్డ మనిషి చేయాల్సిన పని.

ఆర్.టి.సి. వారి మాటలోనూ న్యాయం ఉంది. పొద్దున గంటసేపు రద్దీ కోసం అదనపు బస్సు వేస్తే మిగతా పూట దానికి పనేమిటని వారడుగుతారు. డీజిలుకూ జీతాలకూ డబ్బు కావాలి. ఒప్పుకుందాం. కాని ఆ గంటలో మిగిలిపోతున్నది ఎందరో తెలియకుండా అదనపు బస్సు దండగ అని ఎలా తేల్చడం? అరగంట వేళ మారిస్తే సరిపోతుందేమో!

నా సూచన ఇది. కోదాడ రోడ్డు మీద మునగాల, మిర్యాలగూడ రోడ్డు మీద నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వంటి చోట్ల మన విద్యార్థులే జట్లుగా ఒక వారం నిలబడాలి. పండుగ లేని, పరీక్షలు లేని వారం చూసుకోవాలి. బస్సు వచ్చిన వేళ, అప్పటికి నిలబడ్డవాళ్ళు, ఎక్కినవాళ్ళు, మిగిలినవాళ్ళు – నోటుబుక్కులో ఈ నాలుగు గళ్ళు చాలు. అయితే మొదటి బస్సుకు మిగిలినవాడే రెండో బస్సుకూ నిలబడతాడు. వాణ్ణి రెండుసార్లు కూడితే మనవీ కాకిలెక్కలే అవుతాయి. ఇక్కడ మన స్టాటిస్టిక్స్ లెక్చరర్లు దారి చూపాలి. ఆ లెక్క పట్టుకుని డిపో మేనేజరు దగ్గరికి వెళదాం. అద్దాలు పగలగొడితే వచ్చేది కేసు. లెక్క చూపిస్తే వచ్చేది జవాబు.

రోజూ మొదటి పీరియడు పోగొట్టుకునే పిల్లకు హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే ఇంట్లో "ఇక చాల్లే, చదివింది" అంటారు. ఒక చదువు అక్కడ ఆగిపోతుంది, ఏ రిజిస్టరులోనూ కారణం రాయరు. ఆ కారణం రాయడమే మనం తలపెట్టవలసిన పని.