ఆ యాస ప్రతినాయకుడి సొత్తేనా?

చాలాకాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న విషయమిది. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూసిన నటులు జయప్రకాశ్ రెడ్డిగారిని తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషమూ, బాధా రెండూ కలుగుతాయి.

వారి స్వస్థలం కర్నూలు జిల్లా శిరివెళ్ళ (2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నది). వృత్తిచేత లెక్కల ఉపాధ్యాయులు, ప్రవృత్తిచేత రంగస్థల నటులు. దాసరి నారాయణరావుగారి కంటబడి, 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో వెండితెరకు వచ్చారు. పేరు తెచ్చినది మాత్రం 1997 నాటి 'ప్రేమించుకుందాం రా'. ఆపై 'సమరసింహారెడ్డి' (1999), 'జయం మనదేరా' (2000). సినిమాలలో ఎంత పేరు వచ్చినా నాటకాన్ని విడువలేదు. 'అలెగ్జాండర్' నాటకాన్ని ఆసాంతం ఒక్కరే నడిపించిన దిట్ట.

ఆదోనిలో 'సమరసింహారెడ్డి' చూసిన రోజు నాకు బాగా జ్ఞాపకం. ఆయన నోరు విప్పగానే నేలతరగతిలో ఈలలు! భయపెట్టే పాత్రకు ఈలలేమిటని మొదట ఆశ్చర్యపోయాను. అవి పాత్రకు కావు, మాటకు అని తరువాత బోధపడింది. ఇంట్లో పెద్దవారు పలికినట్టే పలికే గొంతు తెరమీద వినిపించడం మావాళ్ళకు అపురూపం. అది నా సంతోషం.

ఇక బాధ. 'ప్రేమించుకుందాం రా'లో ఆ ఇంటి పిల్లే అయిన నాయిక సైతం పాఠ్యపుస్తకపు తెలుగే మాట్లాడుతుంది. ప్రేమించేవారికి శిష్టభాష, నరికించేవారికి సీమభాష! ఈ పంపకం నటుడు చేసినది కాదు, కథలల్లినవారు చేసినది. తరువాతి కాలంలో ఆయనకు హాస్యపాత్రలు వచ్చాయి. అప్పుడు యాసను చూసి భయపడడం పోయి, నవ్వడం మొదలైంది. గౌరవం మాత్రం రాలేదు. నా శిష్యుడొకడు దూరప్రాంతంలో ఉద్యోగంలో చేరిన తొలిరోజే "మీ ఊళ్ళో బాంబులు వేసుకుంటారటగా" అనిపించుకొని, నలుగురిలో నోరు విప్పడమే తగ్గించుకున్నాడు.

పైగా సీమ అంతా ఒకే మాట కాదు. శిరివెళ్ళ నల్లమల పక్కది. మా ఆదోని 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిది. ఇక్కడి తెలుగులో కన్నడం కలగలిసి ఉంటుంది. ఆదోనిది పత్తి బతుకు, ఎమ్మిగనూరుది మగ్గం బతుకు. వానలు మొహం చాటేస్తే ఈ చుట్టుపక్కల పల్లెలవారు ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లలతో సహా 'సుగ్గి'కి పోతారు. ఆ ఏడు తరగతిగదిలో బల్లలు ఖాళీ. వారు పోయేది తరచుగా గుంటూరు సీమ మిరపచేలకే. జయప్రకాశ్ రెడ్డిగారు చివరివరకు ఉన్న ఊరూ గుంటూరే. ఆ తల్లుల మాటను కూడా ఆ గొంతు పలికి ఉంటే ఎంత బాగుండేది!

అయితే తప్పంతా సినిమా మీదికి నెట్టడం న్యాయం కాదు. భాషాప్రవీణ చదివిన గర్వంతో నేను చేసినదేమిటి? పిల్లవాడు "పోతాండా" అని వ్రాస్తే ఎఱ్ఱసిరాతో కొట్టివేసి "పోతున్నాను" అని దిద్దాను. పరీక్షకోసం దిద్దడం తప్పు కాదు. కాని "మీ ఇంటి మాట కూడా తెలుగే నాయనా" అని ఒక్కనాడైనా చెప్పలేదు. ఆ మాట వ్రాయకూడనిదని నేను నేర్పాను, భయపడవలసినదని సినిమా నేర్పింది. ఇద్దరమూ కలిసి ఆ పిల్లవాని నోరు మూయించాము.

జయప్రకాశ్ రెడ్డిగారు చేతికి వచ్చిన పాత్రలలోనే మా మాటను సజీవంగా నిలిపారు. అందుకు వారికి నమస్సులు. మీ ప్రాంతపు మాటకు తెరమీద ఎటువంటి పాత్ర దక్కిందో మిత్రులు తెలుపగలరు.