పానాకు పైపు తొడిగితే

తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టు గురించి మా నంద్యాల షెడ్లలో ఒక సిద్ధాంతం ఉంది. ఊడితే ఊడుతుంది, లేదంటే తెగుతుంది, ఎట్లాగూ పాత బండే కదా! ఇట్లా మాట్లాడితే అనుభవం ఉన్నవాడంటారు. పానాకు మూరెడు ఇనుప పైపు తొడిగి, టైరుకు కాలు తన్నిపెట్టి లాగితే పనిమంతుడంటారు. నా లెక్కలో అది తొందరకు పెట్టుకున్న ముద్దుపేరు.

నా జీపు 1996 నాటిది. ప్యాకింగ్ కాలిపోయి పొగ లోపలికి కొడుతుంటే ఒక షెడ్డుకు తీసుకుపోయాను. సైలెన్సర్ పైపు మానిఫోల్డ్‌కు కలిసేచోట మూడు స్టడ్లు. కుర్రవాడు పానాకు పైపు తొడిగాడు. మొదటిది కిర్రుమంటూ వచ్చింది. రెండోది టక్కుమంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడు మళ్లీ మరిచిపోడు. తెగిన ముక్క లోపలే ఉండిపోయింది. దాన్ని తోడాలంటే మానిఫోల్డ్ దించాలి, అది దించబోతే హెడ్డు వైపు ఇంకో రెండు తెగాయి. లేత్ షాపు, డ్రిల్లు, కొత్త మర. పూట పని నాలుగు రోజులైంది. "తుప్పు సామీ, మనమేం జేస్తాం" అన్నాడు షెడ్డాయన, వానలు పడకపోతే మనమేం చేస్తాం అన్నంత నిబ్బరంగా.

ఈ తుప్పు మీద ఇంకో నమ్మకం కూడా ఉంది. మనది ఎండల సీమ, తుప్పు బాధ కాకినాడ, మచిలీపట్నం వాళ్లది అని. ఉప్పుగాలి తుప్పును రేపుతుందన్నది నిజమే. కానీ సైలెన్సర్‌కు నీళ్లు బయటినుంచి రానక్కర్లేదు. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఆళ్లగడ్డ దాకా ఏకబిగిన నడిపితే పైపు బాగా కాగి ఆ ఆవిరి బయటికి పోతుంది. నూనెపల్లె నుంచి బజారుకు పోయి ఆపేస్తే, పైపులోనే చల్లబడి నీరై నిలుస్తుంది. దానికి తోడు గంధకం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక డీజిల్లో అది 10 పీపీఎంకు దిగింది గానీ బీఎస్-3 నాటికి 350, అంతకుముందు ఇంకా ఎక్కువ. గంధకపు పొగ ఆ తడిలో కలిస్తే ఆమ్లం. బయటేమో కుందూ లోయ నల్లరేగడి, ఒకసారి అతుక్కుంటే తడిని రోజుల తరబడి వదలదు.

తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో ఉబ్బి బిగుసుకుంటుంది. ఆ పక్కనే స్టడ్ నడుము సన్నబడి ఉంటుంది. ఇప్పుడు పైపు తొడిగిన పానాతో లాగితే బలమంతా పోయేది ఆ సన్నబడిన నడుము మీదికే. నట్టు కదలదు, స్టడ్ మెలితిరుగుతుంది.

మిగిలిన బోల్టులు ఊడదీసే పని ఆళ్లగడ్డలో ఒక ముసలి మేస్త్రి దగ్గర చేయించాను. ఆ ఊళ్లో రాయి చెక్కేవాళ్లను చూసినవారికి ఆయన పద్ధతి కొత్తగా అనిపించదు. సాయంత్రం వైర్ బ్రష్‌తో మరలు గీకి, పలచటి ఆయిల్ పోసి, నట్టు మీద చిన్న సుత్తితో టకటక కొట్టాడు. ఆ అదురుకు తుప్పులో సన్నటి పగుళ్లు పుట్టి ఆయిల్ దిగుతుంది. (దేనికైనా డబ్ల్యూడీ-40 కొట్టేవాళ్లు ఒకటి గమనించాలి: ఆ పేరుకు అర్థం నీటిని తరిమే మందు కోసం చేసిన 40వ ప్రయత్నం. చెమ్మను తోలడానికి పుట్టిన సరుకది.) పొద్దున మళ్లీ ఆయిల్. పన్నెండు మూలల రింగ్ పానా పక్కన పెట్టి, నట్టు మూలలు అరగకుండా ఆరు మూలల బాక్సు పానా తీశాడు. ముందు వెంట్రుకవాసి బిగించాడు, తర్వాత వదులు చేశాడు. పావు తిప్పు ముందుకి, అంతలో సగం వెనక్కి. మొండికేసిన నట్టు దగ్గర ఆయిల్ తుడిచేసి, డీజిల్ పైపు పక్కకు తప్పించి, నట్టుకు మాత్రమే గ్యాస్ మంట చూపించాడు. వేడికి నట్టు వ్యాకోచించి స్టడ్‌ను వదులుతుంది. ఆ వేడిమీదే కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరల్లోకి జారుతుంది.

అప్పటికీ రాకపోతే? కొయ్యాల్సిందే, నేనేమీ అహింసావాదిని కాను. అయితే ఉలితో నట్టును చీల్చాలి, స్టడ్‌ను ముట్టుకోకూడదు. నట్టు చిల్లర ఖర్చు, స్టడ్ తెగితే ఇంజను దాకా పోతుంది. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వేసి మరలకు రాగి గ్రీజు పూస్తే, ఈ తతంగం మళ్లీ ఎదురయ్యే అవకాశం తక్కువ. ఇనుప కొట్లో చేతికందిన మామూలు నట్టు వేసి పంపేవాళ్లే రేపటి తుప్పును ఈ రోజే బిగిస్తున్నారు.

షెడ్డు వాళ్ల వైపు న్యాయం లేకపోలేదు. నాట్ల రోజుల్లో ట్రాక్టరు రైతు నెత్తిమీద నిలబడి ఉంటాడు. ముందురోజు సాయంత్రమే బండి వదిలిపెట్టమంటే ఎవరు వింటారు? కూలి చూస్తే పనికింత అని, రాత్రంతా నానినందుకు పైసా రాదు. తెగిన స్టడ్‌కు మాత్రం లేత్ షాపు ఎంతంటే అంత మారుమాట లేకుండా ఇచ్చేస్తాం. నేనూ ఇచ్చాను. ఆళ్లగడ్డ మేస్త్రి రెండు పూటల కూలి అడిగితే మాత్రం, ఒక్క బోల్టూ తెగలేదు కదా, ఇంత దేనికని బేరమాడాను.