కంప్యూటర్ విజ్ఞానం: వరుస ఖాళీయే, గడి లేదు

ఒకే పట్టికపై అనేకులు ఒకేసారి పని చేస్తున్నపుడు, ఒకరి లెక్కను మరొకరు తాకకపోయినా ఒక్కొక్కప్పుడు పని నిలిచిపోతుంది. దానికి గల కారణాలలో ఒకదానిని ఈ సంచికలో మన పాఠకులకు వివరించదలచాం.

సూరత్ చీరలు తెలుగువారికి కొత్తవి కావు. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలు అనేకం ఆ నగరపు మరమగ్గాలపై జీవిస్తున్నవి. అక్కడి రింగ్ రోడ్ వెంట అంతస్తుల వస్త్ర మార్కెట్లు బారులు తీరి ఉన్నవి. అటువంటి మార్కెట్లో ఒక టోకు దుకాణాన్ని ఊహించుకొందాం. నాలుగు కౌంటర్లు, అన్నింటికీ ఒరాకిల్ డేటాబేస్‌లో ఒకే నిల్వల పట్టిక. పండుగ ముందు రద్దీలో మూడవ కౌంటర్ తెర కదలదు. ఆ గుమాస్తా అమ్ముతున్న డిజైన్‌ను ఆ క్షణాన మరెవ్వరూ అమ్మడం లేదు. కట్టిన బేళ్ళతో హమాలీ నిలబడి ఉన్నాడు. లారీ వేళ మించిపోతున్నది. నింద మాత్రం గుమాస్తాపై పడుతున్నది.

పట్టికలోని వరుసలు బ్లాకులనే పుటలలో ఉంటవి. బ్లాకు పరిమాణం సాధారణంగా 8192 బైట్లు. చిన్న వరుసలైతే పదుల సంఖ్యలో అందులో ఇముడుతవి. 1988లో వెలువడిన ఒరాకిల్ ఆరవ వెర్షన్ నుండి తాళం పుటకు గాక వరుసకే పడుతున్నది. అయితే ఆ తాళం ఎవరిదో తెలియడానికి, వరుసను మార్చే ప్రతి లావాదేవీ ఆ బ్లాకు శిరస్సున ఒక గడిలో తన గుర్తును నమోదు చేసుకోవలెను. ఈ గడుల జాబితానే ఐ.టి.ఎల్. అంటారు. ఒక్కొక్క గడికి 24 బైట్లు పట్టును.

ఆరంభంలో ఒకటి రెండు గడులే ఉంటవి. అవసరమైతే బ్లాకులోని ఖాళీ స్థలంలో కొత్త గడి ఏర్పడుతుంది. కాని వరుసలు పెరిగి బ్లాకు అంచు వరకు నిండిపోతే ఆ అవకాశం లేదు. అపుడు రెండు కౌంటర్ల బిల్లులు గడులను ఆక్రమించగా, మూడవది తనకు కావలసిన వరుస ఖాళీగానే ఉన్నా వేచి ఉండవలసినదే. బేరం తేలని బిల్లును ముగించక తెరచి ఉంచితే, ఆ నిరీక్షణ మరింత దీర్ఘమవుతుంది.

ఈ స్థితిలో ప్రాసెసర్‌ను మార్చి ఖరీదైన యంత్రం కొన్నా ఫలితం ఉండదు. ముందుగా రోగ నిర్ధారణ కావలెను. 10జి వెర్షన్ నుండి ఈ నిరీక్షణ ‘ఎన్‌క్యూ: టి.ఎక్స్. – అలొకేట్ ఐ.టి.ఎల్. ఎంట్రీ’ అన్న పేరుతో విడిగా కనిపిస్తున్నది. అది తేలిన పిమ్మట, ఇనిట్‌ట్రాన్స్ విలువను పెంచి ఎక్కువ గడులను ముందే కేటాయించవచ్చును; లేదా పి.సి.టి.ఫ్రీ విలువను పెంచి బ్లాకులో ఖాళీని అధికం చేయవచ్చును. పది గడులకు 240 బైట్లు, అనగా 8192 బైట్ల బ్లాకులో నూటికి మూడు పాళ్ళ లోపే. ఒక హెచ్చరిక: ఇనిట్‌ట్రాన్స్ మార్పు కొత్త బ్లాకులకే వర్తిస్తుంది. పాత బ్లాకులకు కూడ కావలెనంటే మూవ్ ఆజ్ఞతో పట్టికను తిరిగి పేర్చవలెను. ఇండెక్సులను రీబిల్డ్ చేయవలెను. రద్దీ వేళ ఈ పని తగదు.

నెలాఖరున స్టోర్సు, జీతాల విభాగాలలో కూడ ఇటువంటి రద్దీయే ఉంటుంది. కనుక పట్టికను రూపొందించునాడే దానిపై ఎందరు ఒకేసారి పని చేయగలరో అంచనా వేసుకోవలెను. తెర ముందు కూర్చొనువారు ప్రారంభించిన లావాదేవీని వెంటనే ముగించి లేవవలెను. తెర కదలని సహోద్యోగిని మందలించే ముందు, అతని వరుసకు గడి దొరికినదో లేదో విచారించడం అధికారులకు ఉచితమని మా మనవి.