గుమాస్తా కబుర్లు: ఖానాకు పేరు

పోయిన నెల ఔరాదు కబుర్లు పంపలేకపోయాను. మన్నించాలి. మా సొసైటీలో సంవత్సరాంతపు లెక్కలు. అందులో తలదూర్చినవాడికి ఇల్లే గుర్తుండదు, ఇక పత్రికేం గుర్తుంటుంది!

మా సభ్యుల ఖాతాలిప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఉన్నాయి. వాటిని తెరచి చూచే సాధనం పేరు డీబీవర్. ఏది కావాలన్నా ఎస్‌క్యూఎల్‌లో అడగాలి. 1974లో ఐబీఎం కంపెనీలో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు కల్పించిన భాష అది. మెట్రిక్ చదువుతో తెలుగూ కన్నడమూ నెట్టుకొస్తున్నాను గాని, ఈ మూడవదానికి నాకు నోరు తిరగలేదు.

సెలవులకు వచ్చిన మా తమ్ముని కొడుకు, “పెద్దనాయనా, గిందుకేనా ఇంత పరేషాన్? అందులోనే ఏఐ ఉంది, మామూలు మాటల్లో అడుగు, అదే రాసిస్తది” అన్నాడు. కార్యదర్శిగారి అనుమతితో కూర్చున్నాము. ప్రిఫరెన్సెస్‌లో జనరల్, దాని క్రింద ఏఐ. అక్కడ ఓపెన్‌ఏఐ ఎన్నుకొని తాళంచెవి అతికించాలి. ఈ తాళంచెవి ఇనుపముక్క కాదు, పొడుగాటి అక్షరాల వరుస. ఇతరుల చేత పడితే వాళ్లు వాడుకొన్నదానికి బిల్లు మనకు వస్తుంది. అందుకని దానిని వాట్సాప్‌లో పంపనివ్వలేదు మావాడు.

సభ్యుల వివరాలు పరాయివాళ్ల కంప్యూటరుకు పోతాయేమోనని నా భయం. పట్టికల పేర్లు, ఖానాల పేర్లు మాత్రమే పోతాయనీ, లోపలి పద్దులు పోవనీ చెప్పాడు. అదీగాక, డేటాబేసు చూచే ఆయనచేత నాకు సెలెక్ట్ అధికారం మాత్రమే గల వేరే లాగిన్ చేయించాడు. చూడగలను, దేనినీ మార్చలేను. ప్రాణం కుదుటపడింది.

“మార్చి 31 నాటికి వాయిదా కట్టనివారెవరు?” అని అడిగాను. రెప్పపాటులో జాబితా వచ్చింది. కార్యదర్శిగారు నోటీసులు టైపు చేయించమన్నారు కూడా.

మూడవ పేరు దగ్గర నా చెయ్యి ఆగింది. మార్చి 29న కొంగుముడి విప్పి డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన ముసలమ్మ! రసీదు వ్రాసినవాణ్ణి నేనే. ఆమె మనుమరాలికి పెళ్లిమాటలు నడుస్తున్నాయి. సొసైటీ నోటీసు గుమ్మంలో పడితే ఈ ఊళ్లో ఎంతసేపు దాగుతుంది?

వెదికితే తెలిసింది. ఆ పట్టికలో రెండు తేదీల ఖానాలు. ఒకటి ‘డీటీ1’, రసీదు తేదీ. రెండవది ‘డీటీ2’, పద్దు పుస్తకానికెక్కించిన తేదీ. ఆమె సొమ్ము ఏప్రిల్ 4న ఎక్కింది. పాపం, ఆ యంత్రానికి పద్దులు కనబడవు, పేర్లే ఆధారం. అది ‘డీటీ2’ను పట్టుకొంది.

1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసేవరకు మా బీదరు హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆ నాటి బహీ ఒకటి మా తాతగారి పెట్టెలో ఉంది. ప్రతి ఖానా నెత్తిన అదేమిటో ఉర్దూలో నిండుగా వ్రాశారు. మన ప్రోగ్రాము చేసినవారికి ఆ మాత్రం ఓపిక లేకపోయింది.

నోటీసులు ఆపించాను. ప్రతి ఖానాకు వివరణ వ్రాసిపెడితే, దానినీ ఏఐకి పంపే ఏర్పాటు డీబీవర్‌లో ఉందట. పిల్లవాడూ నేనూ రాత్రి తొమ్మిదిదాకా కూర్చుని, వ్రాయవలసిన వివరణలన్నీ కాగితం మీద పెట్టాము. మరునాడు డేటాబేసు ఆయన ఎక్కించాడు. మళ్లీ అడిగితే ఈసారి ‘డీటీ1’ పట్టుకొంది, ముసలమ్మ పేరు లేదు. అయినా ఒక్కొక్క పేరూ రసీదు పుస్తకంతో సరిచూచిన తరువాతనే సంతకానికి పంపాను. పదకొండు పట్టికలలో నాలుగే పూర్తయినవి. తక్కినవి దసరా సెలవుల్లో.